వాయిదా కట్టారా, వేశారా?

నెలలో ఐదో తారీకు. పొద్దున్నే కాఫీ గ్లాసు నా ముందు పెడుతూ మా ఆవిడ రెండు ప్రశ్నలు వేసింది. "ఇంటి వాయిదా కట్టారా?" అన్నది మొదటిది. "డాక్టరు దగ్గరికి వెళ్లడం మళ్లీ వాయిదా వేశారా?" అన్నది రెండోది. రెండింటికీ ఒకటే జవాబు, అవుననే. తల ఊపాను. ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను గ్లాసు పట్టుకుని ఆ మాట దగ్గరే కూర్చుండిపోయాను.

మనవాళ్లు ఈ మాటను భలేగా వాడుకున్నారు. కట్టినా వాయిదాయే, మానుకున్నా వాయిదాయే. కుట్టుమిషను వాయిదాల మీద కొంటాం. మూఢం వచ్చిందని పెళ్లి వాయిదా వేస్తాం. కోర్టులో దాయాదుల కేసు తాత పేరు మీద మొదలై మనవడి దాకా వాయిదాలు పడుతూనే ఉంటుంది. ఉర్దూలో 'వాదా' అంటే ఇచ్చిన మాట. అది మన దగ్గరికి వచ్చేసరికి మాట నిలబెట్టుకోవడానికీ, మాట దాటవేయడానికీ ఒకటే పదమైంది. నలభై ఏడేళ్ల నా జీవితం లెక్క ఆ ఒక్క పదంలో ఇమిడిపోయిందేమోనని ఆ పొద్దున మొదటిసారి అనుమానం కలిగింది.

నేను లెక్కలవాణ్ణి. విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ సెక్షన్లో పని. పద్దులంటే భయం లేకపోవడానికి కారణం ఉద్యోగం కాదు, మా నాన్న కిరాణా కొట్టు. వేటపాలెం దగ్గర, అప్పటి ప్రకాశం జిల్లా, ఇప్పటి బాపట్ల జిల్లా. చుట్టూ మగ్గాలు. వీధిలో నడుస్తుంటే ప్రతి ఇంట్లోంచీ టకటకమని చప్పుడు. ఆ చప్పుడు ఆగిందంటే మా కొట్లో అరువు పెరిగిందని అర్థం.

ఎందుకంటే అక్కడివి ఎక్కువగా గుంట మగ్గాలు. నేలలో గొయ్యి తీసి, కాళ్లు అందులోకి దించి కూర్చుని నేస్తారు. శ్రావణం, భాద్రపదం దాటాక, అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లో పడతాయి మాకు. భూమిలోంచి ఊట ఊరి గుంటలో నీళ్లు చేరతాయి. పడుగు తడిసి దారం బిర్రు తప్పుతుంది. పని ఆగుతుంది. నేతగాడికి కూలి రోజు లెక్కన రాదు. మాస్టర్ వీవరు ఇచ్చిన పడుగు మొత్తం నేసి, చీరలు కోసి అప్పజెప్పిన రోజున మజూరీ చేతికొస్తుంది. అప్పటిదాకా బియ్యం, పప్పు, చింతపండు, కిరసనాయిలు, బీడీ కట్ట, అన్నీ మా నాన్న పుస్తకంలోనే.

ఆ పుస్తకం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. సన్నగా, పొడుగ్గా, ఎర్ర గుడ్డ అట్ట, మధ్యలో నూలు తాడు. రోజువారీ చిట్టా ఒకటి, మనిషికో పుట చొప్పున ఆవర్జా మరొకటి. రాత్రి ఎనిమిదింటికి నాన్న చిట్టాలోంచి చదువుతుంటే నేను ఆవర్జాలోకి ఎక్కించేవాణ్ణి. అర్ధ శేరు కందిపప్పు అని చదివేవాడు, కిలోలు వచ్చి ముప్పై ఏళ్లయినా. నేను అర కిలో అని రాసేవాణ్ణి. మొదట్లో చెంప మీద ఒకటి తగిలేది. తరవాత ఆయనే సర్దుకున్నాడు.

అరువు అడిగిన మనిషిని నాన్న జీతమెంత, ఆస్తి ఎంత అని ఎప్పుడూ అడగలేదు. "పడుగు ఎక్కించావా?" అనేవాడు. ఎక్కించానంటే పదిహేను రోజుల్లోనో నెలకో డబ్బు వస్తుందని లెక్క. "ఎన్ని చీరలైనాయి?" అన్నది రెండో ప్రశ్న. మూడోది అసలు ప్రశ్న, పొట్లం కడుతూ తలెత్తకుండా అడిగేది: "ఇంట్లో ఎవరికైనా బాగాలేదా?" బాగాలేదంటే అరువు ఆపేవాడు కాదు. కాకపోతే ఆ పుటలో మూల మీద పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టేవాడు. మనిషి మంచివాడే, ఈసారి మజూరీలో ఆసుపత్రి మొదట తింటుంది, కొట్టు తరవాత తింటుందని దానర్థం. ఆ చుక్కలో అప్పు, పని, ఆరోగ్యం మూడూ ఉండేవి. ఇప్పుడు ఆ మూడింటికీ మూడు వేరువేరు యాప్‌లు నా ఫోన్లో ఉన్నాయి. ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు.

సాకులు కూడా వచ్చేవి. "గుంటలో నీళ్లొచ్చాయి బాబాయ్" అన్నది మా కొట్లో అన్నింటికన్నా ఎక్కువ వినపడిన వాక్యం. వానాకాలంలో అది నిజం. ఒకాయన మాత్రం మే నెలాఖరులో కూడా అదే చెప్పేవాడు. "నీ గుంటలో రోహిణీ కార్తెలో కూడా ఊటేనా అల్లుడూ!" అని నాన్న నవ్వి, బియ్యం కొలిచేవాడు.

నాన్నను మహానుభావుణ్ణి చేసి రాయాలని లేదు. 1991లో నూలు ధర విపరీతంగా పెరిగిపోయి చీరాల చుట్టుపక్కల మగ్గాలు ఆగిపోయాయి. నేతపనివాళ్లు ఆకలితో చనిపోతున్నారని పత్రికల్లో రాసిన ఏడాది అది. ఆ ఏడు ఆవర్జాలో బాకీల పక్కన చుక్కలే చుక్కలు. నాన్నకు సరుకు ఇచ్చే చీరాల హోల్‌సేలు షాపువాళ్లు ఆయనకు అరువు ఆపేశారు. ఆయన కొందరికి ఆపేశాడు. ఎవరికి ఆపాలో ఎంచుకున్న రాత్రి నేను పక్కనే ఉన్నాను, పన్నెండేళ్లవాణ్ణి. పుట తిప్పడం, ఆగడం, మళ్లీ వెనక్కి తిప్పడం. రెండు పుటల మీద అడ్డగీత గీశాడు. వాళ్లు బతికే ఉన్నారు, తరవాత బాకీ కూడా తీర్చారు. అయినా ఆయన చివరిదాకా ఆ ఇద్దరు ఎదురుపడితే ముందు తానే పలకరించేవాడు. అప్పు ఇచ్చినవాడు సిగ్గుపడటం నేను చూసింది అక్కడే.

ఇప్పుడు నా పుట ఎవరి దగ్గరుందో, దాని మీద అడ్డగీత ఎవరు గీస్తారో నాకు తెలియదు. తెలియకుండానే ఒకసారి గీశారు. ఆ కథ చెప్పాలి.

2018లో ఆఫీసుకి టై కట్టుకున్న ఒక కుర్రాడు వచ్చాడు. "సార్, మొదటి ఏడాది ఫ్రీ, సంతకం పెడితే చాలు" అన్నాడు. క్రెడిట్ కార్డు. పాపం టార్గెట్ ఉందన్నాడు, పెట్టాను. ఏడాది వాడాను, మొత్తం కట్టేశాను. తరవాత ఒక ఆదివారం కత్తెర తీసుకుని ఆ కార్డును నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాను. శ్రాద్ధకర్మ కూడా అయిపోయినట్టు నిశ్చింతగా ఉన్నాను. ముక్కలు చేస్తే కార్డు పోతుంది, ఖాతా పోదు. లెక్కలవాణ్ణని చెప్పుకునే నాకే ఆ సంగతి తట్టలేదు. అడిగి మూసేయించుకోవాలి. అలా అడిగిన ఏడు పనిదినాల్లో మూసేయకపోతే ఆలస్యమైన రోజుకు 500 రూపాయల చొప్పున కార్డు ఇచ్చినవాళ్లే మనకు కట్టాలని 2022లో రిజర్వు బ్యాంకు నిబంధన కూడా పెట్టింది. అడిగితే గదా!

రెండో ఏడాది రుసుము 499 రూపాయలు పడింది. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 589. అప్పటికి నేను ఇల్లు మారాను, సిమ్ మార్చాను. బిల్లు పాత అడ్రసుకి వెళ్లింది. 589 మీద ఆలస్య రుసుము, దాని మీద వడ్డీ, వడ్డీ మీద పన్ను, పన్నుతో సహా మొత్తం మీద మళ్లీ వడ్డీ. ఇదంతా నాకు తెలియకుండా మూడేళ్లు పెరిగింది.

2023లో ఫ్లాటు కొనడానికి 25 లక్షల అప్పు కోసం వెళ్లాను. బ్యాంకులో లోన్లు చూసే అమ్మాయి కంప్యూటర్ తెర నావైపు తిప్పింది. సిబిల్ అంటే అదీ. 300 నుంచి 900 దాకా ఒక అంకె, ఆ అంకె కింద మూడేళ్ల నెలలకు గళ్లు. కట్టాల్సిన తేదీ దాటి ఎన్ని రోజులైందో ఆ గళ్లలో ఉంటుంది. సమయానికి కడితే 000. నా బండి అప్పు పక్కన అన్నీ సున్నాలే, ముత్యాల సరంలాగా. ఆ చచ్చిన కార్డు పక్కన మాత్రం 030, 060, 090 అంటూ మెట్లు ఎక్కుతున్నట్టు. చూస్తుంటే నాన్న పుస్తకమే గుర్తొచ్చింది. కాకపోతే నా పుటలో చుక్క పెట్టే చోటు లేదు. ఇల్లు మారాడనో, చెల్లెలి పెళ్లి అనో, జ్వరమొచ్చిందనో రాసే గడి ఎక్కడా లేదు. 090 అంటే 090.

వారం తిరక్కుండానే ఎలా తెలిసిందో, కార్డు వసూళ్ల మనిషి ఫోన్ చేశాడు. మొత్తం ఏడు వేల చిల్లర అయింది, రెండున్నర వేలు కట్టండి, సెటిల్‌మెంట్ చేసేస్తాం అన్నాడు. నాలుగున్నర వేలు మిగులుతాయి కదా అని మనసు లాగింది. బ్యాంకు అమ్మాయే కాపాడింది. "అంకుల్, తగ్గించి కట్టొద్దు. తగ్గించి కడితే రిపోర్టులో సెటిల్డ్ అని పడుతుంది, అంటే మొత్తం కట్టలేదని. పూర్తిగా కట్టి క్లోజ్డ్ అని రాయించుకోండి, కాగితం తీసుకోండి." ఆ రెండు మాటల తేడా తెలియక ఏళ్ల తరబడి ఇబ్బంది పడ్డవాళ్లు నా ఆఫీసులోనే ముగ్గురున్నారు. పూర్తిగా కట్టాను, కాగితం తీసుకున్నాను. అప్పటికీ స్కోరు వెంటనే లేవలేదు. ఎనిమిదిన్నర శాతానికి రావాల్సిన అప్పు తొమ్మిదికి వచ్చింది.

అర శాతమే కదా అనుకుంటాం. లెక్క వేయకుండా ఉండలేను గనుక వేశాను. 25 లక్షలు, పదిహేనేళ్లు. ఎనిమిదిన్నరకైతే నెలకు 24,618 రూపాయలు, తొమ్మిదికైతే 25,357. తేడా 739. నూట ఎనభై వాయిదాలకు లక్షా ముప్పై మూడు వేల చిల్లర, రేటు అలాగే ఉంటే. 589 రూపాయల సంగతి ఇది. మా నాన్న బతికుంటే ఆ రాత్రి ఆవర్జా రాస్తూ నా చెంప మీద రెండోది వేసేవాడు.

(ఒక మాట: ఏడాదికొకసారి పూర్తి రిపోర్టును ప్రతి క్రెడిట్ సంస్థా ఉచితంగా ఇవ్వాలి. 2017 నుంచీ ఆ సదుపాయం ఉంది. మన రిపోర్టు మనమే చూసుకుంటే స్కోరు తగ్గదు. తప్పు ఉందని ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే రోజుకు వంద రూపాయల పరిహారం. ఏటా ఉగాదికి పంచాంగం చూస్తాం గదా, ఆదాయ వ్యయాలు అందులో ఎలా ఉన్నా, ఆ వారమే ఇదీ చూసుకుంటే పోతుంది. నేను అలాగే పెట్టుకున్నాను.)

వడ్డీ దగ్గర మన పల్లెలు బ్యాంకులకన్నా నిజాయితీగా మాట్లాడతాయని నాకో నమ్మకం. నూటికి నెలకు ఎంతో చెబుతారు. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24. అణాలు, పావలాలు చెలామణీలోంచి పోయి ఎన్నాళ్లయినా వడ్డీలో పావలా బతికే ఉంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో డ్వాక్రా సంఘాలకు ప్రభుత్వం పెట్టిన పథకానికి పేరే పావలా వడ్డీ, ఏడాదికి 3 శాతం అని ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేకుండా. ఆ కొలతతో చూస్తే నా ఇంటి అప్పు ముప్పావలా వడ్డీ. బంగారం మీద అప్పు ముప్పావలాకీ రూపాయికీ మధ్య దొరుకుతుంది. మరి క్రెడిట్ కార్డు? నెలకు మూడున్నర శాతం వేసే కార్డు అంటే మూడున్నర రూపాయల వడ్డీ. మా ఊళ్లో అంత వడ్డీకి తెచ్చినవాణ్ణి చూసి, ఏ జూదంలోనో ఇరుక్కున్నాడనుకునేవాళ్లు. ఇక్కడ ఏసీ షోరూముల్లో నవ్వుతూ గీకేస్తున్నాం.

'కనీస చెల్లింపు' అని బిల్లులో లావు అక్షరాలతో ఉంటుంది. ఆ లెక్క కూడా చూడండి. 40 వేల బాకీ. 5 శాతం కనీసమంటే రెండు వేలు. నెల వడ్డీ 1,400. ఆ వడ్డీ మీద జీఎస్టీ 252. రెండు వేలు కట్టిన మనిషికి అసలులో తగ్గింది 348 రూపాయలు. అతను మాత్రం ఈ నెల వాయిదా కట్టేశాననే అనుకుంటాడు. గళ్లలో 000 పడుతుంది, అదీ నిజమే.

మా మేనల్లుడు ఒకడు హైదరాబాద్‌లో గచ్చిబౌలి వైపు రాత్రి ఉద్యోగం చేస్తాడు. అమెరికా లేచే వేళకు వీడు కూర్చుంటాడు, ఇక్కడ కోడి కూసే వేళకు పడుకుంటాడు. ఫోను, బండి, ల్యాప్‌టాప్, స్నేహితుడి పెళ్లికి గోవా, అన్నీ వాయిదాల్లోనే. "వడ్డీ లేదు మామయ్యా, నో కాస్ట్ ఈఎంఐ" అంటాడు. సున్నా వడ్డీ అనేదే ఉండదని 2013లోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు గట్టిగా చెప్పిందిరా, రొక్కానికి ఇచ్చే తగ్గింపు నీకు రాలేదు చూడు, అదే నీ వడ్డీ అని చెప్పాను. "మీరెప్పుడూ ఇంతే" అని నవ్వాడు. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు చూస్తే కళ్ల కింద నల్లటి చారలు, ఇరవై ఆరేళ్లకే పొట్ట. పగటి ఉద్యోగం చూసుకోరా అంటే, జీతం పన్నెండు వేలు తగ్గుతుందన్నాడు. తగ్గితే? "నాలుగు వాయిదాలున్నాయి మామయ్యా." వాడి నిద్రవేళలు ఎవరు నిర్ణయిస్తున్నారో ఆ నాలుగు వాయిదాలకే తెలియాలి. పోతూ పోతూ, "పెళ్లిచూపుల్లో సిబిల్ అడుగుతున్నారట, నిజమేనా?" అని అడిగాడు. వాళ్లమ్మ వంటింట్లోంచి, "ముందు జాతకం కుదరనీరా" అంది.

వాడికి చెప్పే అర్హత నాకేమైనా ఉందా అంటే, నా మార్చి నెల సంగతి చెప్పాలి.

మా ఆఫీసులో వాడుకోని సెలవుల్ని మార్చిలో డబ్బు చేసుకోవచ్చు. ఏడాదికి పదిహేను రోజుల దాకా. ఆ డబ్బుకూ పిల్లాడి కాలేజీ ఫీజు రెండో కంతుకూ ఎవరో ముడివేసినట్టు సరిగ్గా సరిపోతుంది. ఎనిమిదేళ్లపాటు అమ్మాను. జ్వరమొస్తే పారాసిటమాల్ వేసుకుని వెళ్లాను. నడుము పట్టేస్తే బెల్టు కట్టుకుని వెళ్లాను. ఇంట్లో కూర్చుంటే ఒక సెలవు పోతుంది, అంటే ఫీజులో వెయ్యి రూపాయల పైచిలుకు పోతుందని లెక్క. మా మేనేజరు "ఒక్క రోజు కూడా సెలవు పెట్టని మనిషి" అని నలుగురిలో మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా. ఎనిమిదేళ్లకు నూట ఇరవై రోజులు. నాలుగు నెలల విశ్రాంతి. ఎవరో బలవంతంగా లాక్కోలేదు, కాగితం మీద సంతకం పెట్టి నేనే అమ్మాను.

అమ్మ దగ్గర ఇదే వేరే రూపంలో నడిచింది. కింది దవడలో పన్ను పుచ్చింది. "వేడి టీ తాగినప్పుడే రా, మిగతా వేళ ఏం లేదు" అనేది. లవంగం పెట్టుకునేది. వెయ్యి రూపాయలతో సిమెంటు పెట్టించుకుంటే అయిపోయే పని. ఫ్లాటు రిజిస్ట్రేషన్ అయ్యాక చూద్దాం అంది, అయ్యాక గృహప్రవేశం అంది. ఆ తరవాత ఒక రాత్రి దవడ బూరెలా వాచింది. రూటు కెనాల్, పైన టోపీ, మందులు, అన్నీ కలిపి తొమ్మిది వేలు. "నీ డబ్బులు పాడు చేశాను" అని ఏడ్చింది గానీ, రెండేళ్లు నొప్పి భరించానని ఒక్క మాట అనలేదు. ఆమె తన నొప్పిని నా పేరు మీద జమ కట్టుకుంటూ వచ్చిందని నాకు ఆ రోజే అర్థమైంది.

గట్టిగా అడిగేవాడికే ముందు కడతాం. బ్యాంకు మెసేజ్ పంపుతుంది, తప్పితే ఫోన్ చేస్తుంది, ఆ తరవాత మనిషిని పంపుతుంది. స్కూలు వాట్సాప్‌లో పేరు పెడుతుంది. కరెంటువాడు ఫ్యూజు పీకుతాడు. పన్ను లవంగంతో సర్దుకుంటుంది. నడుము బెల్టుతో సర్దుకుంటుంది. అమ్మ అసలు అడగనే అడగదు. ఇంట్లో ఏ తమ్ముడు నోరు లేనివాడో వాడి వాటా పొలాన్నే పెద్దన్న ముందు అమ్మేస్తాడని మా ఊళ్లో చూశాను. నా ఒంటి విషయంలో ఆ పెద్దన్న పాత్ర నేనే పోషిస్తున్నాను.

చివరికి ఒంటికి పరీక్ష చేయించుకున్నది కూడా నా తెలివి వల్ల కాదు. ఆఫీసు ఇన్సూరెన్సువాళ్లు నలభై ఐదు దాటినవాళ్లందరికీ ఉచిత పరీక్షలని కూపను ఇచ్చారు. ఉచితం గనుక వెళ్లాను. ముందు రోజు రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలు తిన్నాను, పరీక్షలో మార్కులు పెరుగుతాయన్నట్టు. పరగడుపు షుగరు ఓ మోస్తరుగా వచ్చింది. దొరకలేదులే అనుకున్నాను. దాని కింద ఇంకో వరస ఉంది, జనం మూణ్ణెల్ల షుగర్ పరీక్ష అంటారే, అది. 8.1.

డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. రక్తంలో చక్కెర ఎక్కువైతే అది ఎర్ర కణాల్లోని హిమోగ్లోబిన్‌కు అతుక్కుంటుంది. ఎర్ర కణం బతికేది దాదాపు నూట ఇరవై రోజులు. అది బతికినన్నాళ్లూ ఎంత తీపి చూసిందో దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. 5.7 లోపల ఉంటే మామూలు, 6.5కు చేరితే షుగర్. "ముందు రోజు రాత్రి తినకుండా వచ్చి పరగడుపు పరీక్షను కాస్త మాయ చెయ్యొచ్చు గానీ, దీన్ని కాదండీ" అని నవ్వాడు. నేనేం చెప్పకుండానే కనిపెట్టేశాడు.

నూట ఇరవై రోజులు. నేను అమ్ముకున్న సెలవులన్ని.

నాన్న కొట్లో సంక్రాంతి ముందు అందరూ ఎంతోకొంత జమ కట్టేవాళ్లు, పండక్కి కొత్త అరువు కావాలి గనుక. నాన్న ఆ జమ తీసుకుని, వేలు తడి చేసుకుని, నాలుగు పుటలు వెనక్కి తిప్పి చూసేవాడు. ఆ డాక్టరు వేలు కూడా కాగితం మీద అలాగే కిందికి జారింది. ఏటా తీసుకునే సిబిల్ గళ్ల కాగితాన్నీ, ఈ కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకున్నాను ఆ రాత్రి. ఒకదాంట్లో ఇంటి అప్పు మొదలైన దగ్గర్నుంచి ఒక్క వాయిదా తప్పలేదు, అన్నీ 000. రెండోదాంట్లో ఒక్కటీ కట్టినట్టు లేదు. ప్రామిసరీ నోటుకైతే మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది, అందుకే మా ఊళ్లో మూడేళ్లు నిండకముందే నోటు తిరగరాయించుకుంటారు. "ఎన్నాళ్లుగా ఉండి ఉంటుంది డాక్టరుగారూ?" అని అడిగితే, "నాలుగైదేళ్లు అయ్యుండొచ్చు" అన్నాడాయన. ఒంట్లో నోటు దానంతటదే తిరగరాసుకుంటూ వచ్చింది.

మందులు ఖరీదైనవేం కావు. రోజుకు రెండు మాత్రలు, నెలకు రెండు వందలు దాటవు. సర్కారు ఆసుపత్రికి వెళ్తే అదీ లేదు. రోజూ నలభై నిమిషాలు నడవమన్నాడు. ఖరీదైనది అదీ.

సొంతంగా ఆరోగ్య బీమా తీసుకోవడం కూడా నేను వేసిన వాయిదాల్లో ఒకటే. ఆఫీసు పాలసీ ఉందిగా అనేది ధైర్యం. ఆ పాలసీ ఉద్యోగంతో పాటే పోతుంది, నా ఉద్యోగం అప్పు తీరే ఏడాదే ముగుస్తుంది, 2038. అప్పటికి అరవై ఏళ్ల షుగర్ మనిషిని. ఇప్పుడు తీసుకుంటే, ముందునుంచి ఉన్న జబ్బులకు ఆగాల్సిన గడువు గరిష్ఠంగా మూడేళ్లు. 2024 ఏప్రిల్‌కు ముందు నాలుగేళ్లుండేది. ఒక ఏజెంటు "షుగర్ సంగతి ఫారంలో రాయకండి సార్, ఎవరు చూస్తారు" అన్నాడు. 589 రూపాయలు దాగని దేశంలో 8.1 దాగుతుందా? రాశాను. ప్రీమియం పెరిగింది. ఈ మార్చిలో సెలవులు మాత్రం అమ్మలేదు. ఆ లోటు పూడ్చడానికి మా ఆవిడ తన చిట్టీ పాట ముందే పాడింది, ఆరు వేలు తోసేసుకుని. ఎవరి దగ్గర్నుంచి తీసి ఎవరికి కట్టానో చూశారు కదా.

నడకకి బూట్లు కొనడానికి ఇద్దరం బెంజి సర్కిల్ వైపు వెళ్లాం. మెత్తగా ఉన్నవి, మూడు వేల చిల్లర. బిల్లు దగ్గర కుర్రాడు మర్యాదగా వంగి, "ఈఎంఐ పెట్టమంటారా సార్? మూడు వాయిదాలు, వడ్డీ ఉండదు" అన్నాడు. మా ఆవిడ నావైపు చూడలేదు. బయటికి వచ్చాక మాత్రం అరగంట నవ్వింది.

బూట్లు వచ్చాయి. మొదటి రోజు అమావాస్య అని ఆగాను. తరవాత ఆఫీసులో క్వార్టర్ క్లోజింగ్. ఆ తరవాత అల్పపీడనం. నిన్న తెల్లవారుజామున లేచి కిటికీ తీస్తే సన్నగా తుంపర. నాలుగు చినుకులు. గొడుగు కూడా అక్కర్లేదు. "వాన తగ్గాక సోమవారం నుంచి మొదలుపెడతాలే" అని మళ్లీ దుప్పటి లాక్కున్నాను.

మా ఆవిడది కూడా వేటపాలెమే. మా కొట్టుకు మూడిళ్ల అవతల, వాళ్ల నాన్న మగ్గం. దుప్పటి లాగి, బూట్ల డబ్బా మంచం మీద పెట్టి అడిగింది.

"ఏం, గుంటలో నీళ్లొచ్చాయా?"